తడిబట్టలో చుట్టిన సెన్సార్

గల్ఫ్ నుంచి కోరుట్లకు ఒక దుప్పటినీ, స్పర్శ లేని ఒక కాలినీ తెచ్చుకున్నాను. దుప్పటిని నలుగురికీ చూపించాను. కాలిని దాచాను.

షుగర్ వల్ల అరికాలు మొద్దుబారింది. బొటనవేలి మొదట్లో పుండు లేచి మానింది. అదే చోట మళ్లీ లేస్తే వేలు తీసేయాల్సి వస్తుందని జగిత్యాల డాక్టరు ముందే చెప్పాడు. సిరిసిల్లలో నాకు సాంచాల పని చూసి పెట్టారు. ఆ మరమగ్గాల ముందు పొద్దంతా నిలబడాలి. అందుకని నడిచేటప్పుడు బరువు ఎక్కడ పడుతోందో ఆస్పత్రిలో కొలిచి, దానికి తగ్గ చెప్పులు చేసిస్తామన్నారు.

కొలిచే సెన్సార్ కాగితమంత పలుచని ప్లాస్టిక్ రేకు. లోపల వెండి గీతలు, ఒక కొసన రూపాయి బిళ్లంత గుండ్రం, రెండో కొసన సన్నని తోక. దాన్ని చెప్పులో అతికించి, తీగను నడుముకు కట్టిన చిన్న డబ్బాకు తగిలించారు. మడవొద్దు, తోక పట్టి లాగొద్దు, తడి తగలనీయొద్దు, తీస్తే చదునుగా పెట్టాలి. అన్నింటికీ తలూపి ఇంటికొచ్చాను.

ఇంటి ముందు బీడీలు చేసే ఆడవాళ్లు తీగను చూడనే చూశారు.

"గదేంది బావా, కాలుకు కరెంటు పెట్టుకున్నవ్?" అంది పక్కింటామె.

షుగర్ అని చెప్పడానికి నోరు రాలేదు. "షేకు ఇచ్చిండు. ఆయన పందెం ఒంటె కాలుకు కట్టేది. వానల తడిసినా దీనికేం గాదు. నేను ఉరికితే ఆడ ఆయన మంచం పక్కన గంట మోగుతది."

"అయితే ఉరుకు, షేకును లేపు."

అందరూ నవ్వారు. నా భార్య మాత్రం తలెత్తకుండా తునికాకు కత్తిరిస్తూ వింది.

నా భార్యతో కలిసి మళ్లీ జగిత్యాల వెళ్లినప్పుడు, చెప్పుల గదిలోని అమ్మాయి డబ్బాను కంప్యూటరుకు కలిపింది. కాలు ఎత్తినా తెర మీద బరువు అంకె దిగలేదు. రేకును వెలుతురుకు పట్టి చూసింది. పొరల మధ్య చెమ్మ.

"తడి తగిలిందా అన్నా?"

"బస్సుల ఒక మేక..." అని మొదలుపెట్టాను.

"మేక లేదు, ఏం లేదు," అంది నా భార్య. "నేనే తడిపిన బిడ్డా. ఎండకు అంచులు లేస్తున్నయ్. మా తునికాకు గట్ల లేస్తే తడిబట్టల చుట్టి రాయి కింద పెడ్తం, సాపైతది. గిది గూడ గట్లనే అనుకున్న."

"తడి తగలొద్దని అన్నకు చెప్పిన గద అక్కా."

"ఈయన వానల తడిసినా ఏం గాదన్నడు. ఒంటె కాలుదట."

బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. అమ్మాయి నవ్వలేదు. నన్ను కళ్లు మూసుకోమంది.

"ఇప్పుడు ఎక్కడ నొక్కుతున్న అన్నా?"

"బొటనవేలు."

"ఇప్పుడు?"

"మడమ."

కళ్లు తెరిచాను. అమ్మాయి చేతులు ఆమె ఒడిలోనే ఉన్నాయి. నా భార్య నా ముఖం చూస్తోంది. నా కోతలన్నీ ఎరిగిన మనిషి ఆమె. కానీ నా కాలి సంగతి నేనే ఊహించి చెబుతున్నానని ఎరగదు. ఇంట్లో కొంచెం తిమ్మిరి అనే చెప్పాను.

"ఎప్పటి సంది?" అంది.

"ఆడ ఉన్నప్పటి సంది."

"ఫోన్ల మంచిగున్న మంచిగున్న అంటివి గద."

అమ్మాయి కొత్త రేకు తీసింది. ఈసారి జాగ్రత్తలన్నీ నా భార్యకే చెప్పింది. ఆమె నేల మీద కూర్చొని, నా కాలిని ఒడిలోకి తీసుకొని, కొంగుతో చెమట తుడిచింది. అంతమంది ముందు కాలు లాక్కోవాలనిపించింది. ఆమె గట్టిగా పట్టుకుంది. రేకును మడత పడకుండా చెప్పులో పరిచి, "లెవ్వు, గోడ దాక నడువు," అంది.

నడిచాను.

"ఎట్లున్నదన్నా?" అని అడిగింది అమ్మాయి.

"మంచిగనే..."

"ఆయన్ని అడగకు బిడ్డా," అంది నా భార్య. "గా తెర మీద ఏమున్నదో నాకు చెప్పు."

అమ్మాయి తెరను ఆమె వైపు తిప్పింది. పాత పుండు మచ్చ మీదే బరువు పడుతోందని, అక్కడ చెప్పును తొలిచి మెత్త పెడతానని, అప్పటిదాకా సిరిసిల్లకు పంపొద్దని చెప్పింది. వాళ్లిద్దరూ నా కాలి గురించి మాట్లాడుకుంటుంటే, కూర్చోమనేదాకా నేను గోడ దగ్గరే నిలబడ్డాను.