ముందుకి జరిపేసిన సీను

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఎమ్మే, బీఈడీ చదివేను. రాజోలు దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. అమావాస్యనాడు సందెవేళ మా వీధి ఆడవాళ్ళు పిల్లల్ని గుమ్మం దాటనివ్వకపోతే, నేను మా పాపని స్కూటీ ముందు నిలబెట్టుకుని మలికిపురం వెళ్ళొచ్చేదాన్ని. మిమ్మల్ని నమ్మమని కూడా రాయడం లేదు. పాప పడుకుంది, నాకు నిద్ర పట్టడం లేదు, అందుకని రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో నాజీల పాఠం ఉంది. యూదుల్ని లక్షలకి లక్షలు ఎలా చంపేరో పుస్తకంలో కాసిని పేరాల్లో అయిపోతుంది. పిల్లలు బిట్లు బట్టీ పట్టేసి ఊరుకుంటారు. అలా కాకూడదని ఒక పాత డాక్యుమెంటరీ సంపాదించి, ముందురోజు స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే కూర్చుని చూసేను.

అందులో ఒక క్యాంపు చూపిస్తారు. తల్లుల్ని ముందే రైలెక్కించి చావుకి పంపేసేరు. పిల్లలు మిగిలిపోయేరు. కొన్నాళ్ళకి వాళ్ళనీ పంపేసేరు. ఆ పిల్లల్లో ఒక పాప ఫొటో మీద కెమెరా చాలాసేపు ఆగుతుంది. ఒంటికి పెద్దదైన ఉన్ని కోటు, పై గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టి ఉంది. మా పాప వయసే ఉంటుంది, నాలుగేళ్ళు.

మర్నాడు క్లాసులో సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి రిమోటు మీదకి వెళ్ళిపోయింది. సీను ముందుకి జరిపేసేను.

వెనక బెంచీలోంచి సతీష్ అన్నాడు, "ముద్దు సీనాండీ మేడం?"

క్లాసంతా ఘొల్లుమంది. వాళ్ళ తప్పేముంది? మన ఇళ్ళల్లో సినిమా ముందుకి జరిపేది దానికే కదా. నేనూ నవ్వేసి, "కాపీ పాడైంద్రా" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి, పాపని ముట్టుకునే ముందు పెరటి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. నెత్తిన నాలుగు చుక్కలు జల్లుకున్నాను. చావింటి నించి వస్తే చేస్తామే, అలాగ. ఆ పిల్లల చావు నా పాపకి అంటుకోకూడదని. చేస్తున్నదేమిటో నాకు తెలుస్తూనే ఉంది.

అరుగు మీద మా అత్తయ్యగారు కొబ్బరాకు ఈనెలు తీస్తున్నారు. "దానికి కూడా కాళ్ళు కడగవే అమ్మా" అన్నారు.

"ఎవరికండీ?"

"నీ వెనకాల వచ్చిన పిల్లకి. మన పాపంతే ఉంది. మీ టీచర్లెవరి పిల్లా? ఇంత ఉక్కలో ఆ కోటేంటే? పైగా గుండీ లేక పిన్నీసొకటి."

వెనక్కి తిరిగేను. తడి నేల, కారుతున్న కుళాయి. గేటు గడియ వేసే ఉంది.

అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయింది, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తారు. ఆ సినిమా స్కూలు పెన్‌డ్రైవులో తప్ప నా ఫోనులో ఎప్పుడూ లేదు. కోటు సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మా వీధిలో ఆ వయసు పిల్ల మా పాప ఒక్కత్తే. పక్కింటివాళ్ళనీ అడిగేను, ఎవరింటికీ చుట్టాలు రాలేదు.

నాకు ముందు మా పాప గురించే భయం వేసింది. లోపలికి పరిగెత్తి దాన్ని ఎత్తుకుని, దిష్టి తియ్యమని అత్తయ్యగారిని అడిగేను. ఆవిడ ఉప్పు తేవడానికి లేవలేదు.

"ఇంటిదాకా వచ్చిన పిల్లని లోపలికి పిలవకుండా పంపేసేవా? గుక్కెడు మంచినీళ్ళైనా ఇవ్వద్దూ? చదువుకున్నదానివి" అన్నారు.

పాపని ఎత్తుకునే వెళ్ళి గేటు గడియ తీసేను.

మర్నాడు పిల్లలకి నిజం చెప్పేను, కాపీ బాగానే ఉందని, నేనే భయపడ్డానని. ఆ భాగం మొత్తం వేసేను. సతీష్ తల దించేసుకున్నాడు. ముందు వరసలో అమ్మాయి ఒకత్తి, "ఆ పాప పేరేంటండీ?" అని అడిగింది. సినిమాలో చెప్పలేదు. తెలీదమ్మా అన్నాను.

మా పాపకి ఏమీ కాలేదు, బాగానే ఉంది. మా ఆయన మాత్రం నేను నిద్రలో ఏదో కలవరించి ఉంటాను, అది వాళ్ళమ్మగారి చెవిన పడి ఉంటుందంటారు. ఆవిడ పడుకునేది అటు చివర గదిలో. పోనీ అదే నిజమనుకుందామని చాలాసార్లు ప్రయత్నించేను. కుదరడం లేదు. ఆవిడ చూసిందేమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

అత్తయ్యగారు మాత్రం మర్చిపోలేదు. ఇవాళ అన్నాలు తింటుంటే మళ్ళీ అడిగేరు, ఆ కోటు పిల్ల మరి రాలేదేమని.

"వాళ్ళూరు వెళ్ళిపోయిందండి" అన్నాను.

"అంత పిల్ల ఒక్కత్తే ఎలా వెళ్తుందే? వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళిందా?"

మా పాప ముద్ద కోసం నోరు తెరుచుకుని నా వంక చూస్తోంది.

"ఆయ్, వాళ్ళమ్మే వచ్చేరండి" అన్నాను.