అమ్మ నేర్చుకున్న ఇంగ్లీషు మాట

మొన్న ఎల్లారెడ్డి బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆమె సంచిలోంచి తడిపిన తునికాకు వాసన వచ్చింది. అమ్మ గుర్తొచ్చింది.

కామారెడ్డిలో మా అమ్మ ఆ ఆకుతోనే బీడీలు చేసేది. సాయంత్రం నేను ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పడుతుంటే, ఒడిలో చాట పెట్టుకుని నా వెనకే పలికేది. ఇంగ్లీషు మీద ఆమెకు అంత ఆశ. ఒకరోజు, వృథా ప్రయాసను ఇంగ్లీషువాళ్లు చచ్చిన గుర్రాన్ని కొట్టడం అంటారని చెప్పాను.

"సచ్చినదాన్ని కొట్టుడేంది కొడుకా? గా ఇంగ్లీషోళ్లకు పనిలేదా?" అని నవ్వింది. "ఇంకోటి చెప్పు."

తెల్లారితే పరీక్ష. విసుగొచ్చి "గెట్ లాస్ట్" అని కసిరాను.

అదీ పాఠమే అనుకుంది. బీడీకి దారం చుడుతూనే పదేపదే పలికి నేర్చుకుంది.

"గిది ఎప్పుడంటరు?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. "ఎవరన్న పోయేటప్పుడు అంటరు" అన్నాను.

పొద్దున నేను బడికి బయల్దేరితే చెయ్యూపి, "గెట్ లాస్ట్ బిడ్డా, పైలం" అంది. కాలేజీకి పోయినా, ఉద్యోగానికి పోయినా అదే దీవెన. నిజం చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

నిరుడు ఆసుపత్రిలో ఒక సాయంత్రం, "ఇంటికి పో, పిల్లలు ఎదురుచూస్తరు" అంది. తలుపు దాకా వెళ్లాక దుప్పటిలోంచి చెయ్యెత్తి, మెల్లగా ఆ మాటే అంది. ఉండమంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. తర్వాత వెళ్లిపోయాను.

తెల్లారి వచ్చేసరికి అమ్మ లేదు.