పుస్తకం కుట్టిన ఎర్రదారం

"పొయ్యిలో పెట్టింటాది. రోజూ పొయ్యి ముట్టించేది ఆ యమ్మనే కదా, ఇంగెవురు పెడతారు?" అన్నాను నేను.

"నువ్వు సూసినావా అక్కా?" అంది నా తోడికోడలు.

"సూడాల్నా? కసువులో కాగితం కనబడితే ఎవురైనా పొయ్యిలోకే తోస్తారు."

"అంటే సూడలేదు. అనుకుంటాండావు. అనుకున్న దానికీ సూసిన దానికీ శానా దూరముండాది."

"అబ్బో, వకీలమ్మ వచ్చినాది! పుస్తకం పోగొట్టుకున్నది నువ్వు, బోనులో నిలబెట్టేది నన్నా?"

"నిన్ను యాడ నిలబెట్టినాను? నువ్వే ఆ యమ్మను నిలబెడతాండావు."

మా ఇద్దరి మధ్యా మా అత్త కూర్చుని ఉంది. ఆమె చేతిలో చివరి కాగితాలు లేని పుస్తకం. గడప దగ్గర చీపురు పట్టుకుని మా ఇంటి పనామె. ఆమెకు అక్షరం ముక్క రాదు. తన గురించి ఏదో జరుగుతోందని మాత్రం తెలిసి, ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖం చూస్తోంది. మా అత్త ఒక్కసారి "రేపటి నుంచి రావద్దు" అందంటే దానికి తిరుగు లేదు. ఆ మాట పడితే ఆమె గతి ఏమవుతుందో అక్కడ నాకే బాగా తెలుసు. ఆమె మగడు చెయ్యి చెడి ఇంట్లో పడి ఉన్నాడని జాలిపడి పనికి కుదిర్చింది నేనే.

ఆ కాగితాలు ఎక్కడున్నాయో కూడా నాకే తెలుసు. తీసింది నేనే.

కర్నూలు రాజధాని అయిన తర్వాతి వేసవి అది. మేముండేది ఆదోనిలో. మా మామది దూది, ధాన్యం వ్యాపారం. హాలహర్వి దిక్కున కొంత చేను కూడా ఉండేది. తొలకరి ముందు ఆ చేనికి విత్తనాల కోసం వేరుశనగ కాయలు ఒలవడం ఇంటి ఆడవాళ్ల పని. మా వైపు వాటిని బుడ్డలంటారు. తినేవి ఎలా ఒలిచినా ఫరవాలేదు కానీ విత్తనానివి చేత్తో, నిదానంగా ఒలవాలి. పప్పు మీది పొర లేచిందంటే మొలవదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త, నేను, నా తోడికోడలు, పనామె పడసాలలో తలా ఒక బుట్ట పెట్టుకుని కూర్చునేవాళ్లం.

తోడికోడలు ఆ ఏడాదే కాపురానికి వచ్చింది. ఆమె పుట్టిల్లు కూడా ఆదోనే. తండ్రి కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఎనిమిదో తరగతి దాకా చదివింది. వచ్చిన నెలలోనే మా మరిది చేత బాడుగ పుస్తకాల అంగడి నుంచి నవలలు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. అన్నీ ఒక తీరువే. మొదటి ప్రకరణంలో ఎవరో చచ్చిపోతారు. రెండో ప్రకరణంలో ఏ పాపమూ ఎరగనివాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. మూడో ప్రకరణంలో ముద్దాయి తరఫు వకీలు వస్తాడు. అక్కడి నుంచి సాక్షుల్ని అడ్డు ప్రశ్నలతో అల్లాడించి, చివరికి అసలు హంతకుణ్ణి కోర్టులోనే నిలబెట్టి చూపిస్తాడు.

ఒకరోజు మాకు కొంచెం చదివి వినిపించింది. చదువుతుంటే ఆమె చేతులు ఆగిపోయాయి. పుస్తకం పక్కన పెట్టి బుడ్డలు అందుకోబోతే మా అత్త ఒప్పుకోలేదు.

"నువ్వు సదువు. నీ బుట్ట మేం నింపుతాం."

అప్పటి నుంచి అదే కట్టడి. ఒక ప్రకరణం అయిపోగానే మిగతా ముగ్గురం తలా పిడికెడు పప్పు ఆమె బుట్టలో వెయ్యాలి. సాయంత్రానికి ఒక్క కాయ ఒలవని ఆమె బుట్ట మా బుట్టలతో సమానంగా ఉండేది. కొన్నిరోజులు ఎక్కువే ఉండేది. గోళ్లు అరిగేది మాకు.

నాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గాలవాళ్లకు నూలు అమ్మేవాడు. వీధిబడిలో రెండేళ్లు చదివాను. గుణింతాలు వచ్చి, ఒత్తులు కుదురుకునే లోపల నూలు చుట్టడానికి మనిషి తక్కువైందని మాన్పించారు. నేల మీద నూలు పోగు పడి ఉంటే అది తీసి ఉండకు చుట్టేదాకా మా అమ్మ నాకు అన్నం పెట్టేది కాదు. ఆ అలవాటు అత్తగారింటికీ నాతో వచ్చింది. మూటలు విప్పిన దారాలు, చీర అంచు పోగులు, పూలదండ నారలు, ఏదీ పారెయ్యకుండా ఒక పెద్ద ఉండగా చుట్టి, పడసాలలో నేను కూర్చునే చోటికి పైన మేకుకు తగిలించేదాన్ని. ఇంట్లో ఎవరికి దారం కావలసినా దాన్లో నుంచే తీసుకునేవాళ్లు.

ఆ ఇంట్లో నాకున్న పేరంతా అట్లా పొదుపు చేసి తెచ్చుకున్నదే. తొమ్మిదేళ్లు పట్టింది. కొట్టుగది తాళంచెవి నా నడుముకు చేరడానికే ఆరేళ్లు. ఆమె వచ్చి నెల తిరక్కుండానే మా అత్త ఆమెను "నా తల్లి" అనడం మొదలుపెట్టింది. గొంతు ఎండుతుందని ఆమె కోసం మజ్జిగ మీది తేట విడిగా తీసి పెట్టేది. నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు కూడా ఆ తేట నాకు రాలేదు. పోనీ, అదీ ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం నా భర్త అంగడి నుంచి ఏదో చీటీ కోసం వచ్చాడు. వకీలు ఒక సాక్షికి ప్రశ్నలు వేస్తున్న ఘట్టం నడుస్తోంది. ఆయన ఒక చెప్పు విడిచి, రెండో చెప్పు విడవడం మరిచి, గడప దగ్గర అట్లాగే నిలబడి ప్రకరణమంతా విన్నాడు. నేను మాట్లాడుతుండగా ఆయన అట్లా నిలబడిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు.

మరి నాకు ఆ కథలంటే ఇష్టం లేదా అంటే, ఉంది. అందుకే ఇంకా మండేది. అడ్డు ప్రశ్న వేసే ముందు వకీలు కళ్లజోడు తుడుచుకుంటున్నాడంటే నా చేతులూ ఆగేవి. నాకు కావలసినదంతా ఆమె నోట్లో నుంచి, ఆమె ఆపిన చోట ఆగి, ఆమె చదివినంతే అందాలి. ఆమె మాత్రం ఎన్నడూ ముందు కాగితాలు తిప్పి చూసేది కాదు. "మీరూ నేనూ ఒక్కసారే తెలుసుకోవాల" అనేది. ఆ మంచితనమూ నేను ఓర్వలేకపోయాను.

ఆ నెలలో నడుస్తున్న నవలలో ముద్దాయి ఒక జట్కావాడు. ఒక షావుకారును చంపాడని అతని మీద నేరం. ఇంక ఒక్క పూట చదివితే అయిపోతుందనగా తోడికోడలు పుట్టింటికి నాలుగు రోజులు వెళ్లింది. పుస్తకం గూట్లో పెట్టి, ఎవరూ ముట్టవద్దని నవ్వుతూ చెప్పి మరీ వెళ్లింది. ఆ నవ్వు నాకోసమే అనుకున్నాను. నేను ముట్టినా చదవలేనని.

బాడుగ అంగడాయన తన పుస్తకాలన్నీ ఎర్రదారంతో కుట్టించేవాడు. ఇందులో చివరి భాగం ఊడిపోతే దాన్ని విడిగా కుట్టించినట్టుంది. ముడి విప్పి దారం లాగితే కాగితాలు చేతికి వచ్చాయి. వాటిని కొట్టుగదిలో రాగుల కుండ కింద దాచాను. రోజూ గింజలు కొలిచే నెపంతో లోపలికి పోయి, తలుపు సందు వెలుతురులో వేలు పెట్టి చదివాను. "ప్రాసిక్యూషన్" అనే ఒక్క మాటకే ఒక పూట పట్టింది. అయినా నాలుగో రోజుకు చివరి గీత దాకా చేరాను. హంతకుడు ఎవరో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తాళంచెవి నడుముకు చేరిన రోజు కూడా నేను అంత నిటారుగా నడవలేదు.

తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ తోడికోడలు ఒక పూట ముందే వచ్చేసింది. మధ్యాహ్నం పుస్తకం తెరిచింది. మా అత్త "కాగితాలేమాయె?" అని అరిచింది. నా నోట్లో నుంచి పనామె పేరు వచ్చేసింది. ముందు చెప్పిన గొడవ అదే.

"నువ్వే ఆ యమ్మను నిలబెడతాండావు" అన్న తర్వాత తోడికోడలు నా వైపు చూడటం మానేసి అత్త వైపు తిరిగింది.

"అత్తా, ఆ యమ్మను నేనొక నాలుగు మాటలు అడుగుతా. అడిగినాక నీ ఇష్టం."

"అడుగు మరి."

"నిన్న పొయ్యి దేంతో ముట్టించినావమ్మా?"

"బుడ్డల పొట్టుతోనమ్మా" అంది పనామె.

"మొన్న?"

"పొట్టే. ఇంటి నిండా పొట్టే కదమ్మా. దాని పొగకు కండ్లు పోతాండాయి."

"కాగితం ఎప్పుడన్నా పెట్టినావా?"

"కాగితమా? ఈ యింట్లో కాగితం యాడ దొరుకుతాది? పెద్దకోడలమ్మ చక్కెర పొట్లం కాగితం గూడా మడిసి దాసిపెట్టుకుంటాది."

మా అత్త నవ్వింది. తోడికోడలు నవ్వలేదు. పుస్తకం అందుకుని వెనక అట్ట తిప్పి చూపించింది.

"గంపల గంపలు పొట్టు పెట్టుకోని కాగితం ఎవురు కాలుస్తారత్తా? ఇంగొకటి సూడు. ఇది సింపింది కాదు. సింపింటే అంచులు మిగిలేవి. ముడి ఇప్పి, దారం లాగి తీసినారు. దారం తునక గూడా ఈడ లేదు. పొయ్యిలో పెట్టేవాళ్లకు దారం యానికి? దాన్ని గూడా పారెయ్యకుండా ఎవురో..."

అంతవరకు అని ఆగిపోయింది. ఆమె చూపు నా భుజం మీదుగా పైకి, మేకు వైపు పోయింది. నేను తల తిప్పలేదు. తిప్పాల్సిన పని లేదు. నాలుగు రోజుల కింద కాగితాలు తీసిన చేత్తోనే ఆ జానెడు ఎర్రదారాన్ని ఉండకు చుట్టేశాను. ఆలోచించి చేసింది కాదు. నేల మీద పోగు కనబడితే నా చెయ్యి చేసే పని అది. తెల్లటి ఉండ మీద ఎర్రగా పైనే ఉంది.

"ఎవురో అంటే ఎవురే?" అంది అత్త.

తోడికోడలు పుస్తకం మూసింది.

"ముద్దాయి తప్పు సెయ్యలేదని సూపిస్తే వకీలు పని అయిపోతాదత్తా. దొంగను పట్టేది పోలీసోళ్ల పని. మా నాయన ఎప్పుడూ అదే అంటాడు."

"పుస్తకాల్లో వకీలే పట్టిస్తాడు కదే!"

"పుస్తకంలో కాగితాలు తక్కువుంటాయి కదత్తా. అందుకని తొందరపడతాడు."

మా అత్త ఈసారి గట్టిగా నవ్వి, పనామెతో "పో, పోయి పని సూసుకో" అంది. పనామె వెళ్లిపోయింది. ఎవరి బుట్ట వాళ్లు ముందుకు లాక్కున్నాం. ఆ రోజు చదువు లేదు కాబట్టి తోడికోడలు కూడా మాతో పాటు ఒలిచింది. ఆమె వేళ్లు అలవాటు లేక ఒక్కో కాయ దగ్గర తడబడ్డాయి. చూస్తే నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

ఆమె నన్ను పట్టించి ఉంటే ఎంత బాగుండేది. అత్త నాలుగు తిట్లు తిట్టేది, నేను ఆమెను జన్మంతా ద్వేషించి ఊరుకునేదాన్ని. ఆమె నన్ను వదిలిపెట్టింది. చదువు ఆమెకే, గొంతు ఆమెకే, అత్త ప్రేమ ఆమెకే, ఇప్పుడు ఈ పెద్దమనసు కూడా ఆమెకే. నాకు మిగిలింది రాగుల కుండ కింది కాగితాలు. తర్వాత నేను ఎవరి నగలు చూసీ, ఎవరి మేడలు చూసీ ఆ సాయంత్రం కుళ్లుకున్నంతగా కుళ్లుకోలేదు.

మరునాడు పొద్దున పనామె ఎప్పటి వేళకే వచ్చి కసువు ఊడ్చింది. నేను రాగుల కుండ జరిపి కాగితాలు తీశాను. మేకు మీది ఉండ దించి ఎర్రదారం విప్పాను. గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని అత్త ఎదురుగా కూర్చుని, పాత రంధ్రాల్లోనే దూర్చి పుస్తకం కుట్టాను. అత్త చూస్తూ కూర్చుంది.

పనామెను పిలిచి, "నిన్న నేనన్నది తప్పు" అన్నాను.

"పోనీలేమ్మా. ఈ పొట్టు యాడ పొయ్యాల్నో సెప్పు" అంది.

పుస్తకం ఆ పూటే వెనక్కి ఇవ్వాలి కాబట్టి మధ్యాహ్నం దాకా ఆగలేదు. పొద్దున్నే బుట్టలు పెట్టుకుని కూర్చున్నాం. తోడికోడలు చదివింది. జట్కావాడి మీద మొట్టమొదట వేలు చూపించినవాడే హంతకుడని వకీలు చెప్పిన చోట ఆమె గొంతు ఒక క్షణం ఆగి, మళ్లీ సాగింది. అత్త చేతులు ఆగిపోయాయి. పనామె చేతులు ఆగిపోయాయి. నాకు ముందే తెలుసు కాబట్టి నా చేతులు ఆగలేదు. ఆ రోజు అందరికంటే ముందు నా బుట్టే నిండింది.

ప్రకరణం అయిపోయాక నా బుట్టలో నుంచి పిడికెడు తీసి ఆమె బుట్టలో వేశాను.

ఆమె వంగి నా చెవిలో, "నిన్న కేసు వాదించినదానికి ఇంగో పిడికెడు వెయ్యక్కా" అంది.

వేశాను.