నా ఫ్లెక్సీ కింద ఉగ్గాని బండి

మా ఊరి సర్కిల్లో నిలువెత్తు ఫ్లెక్సీ పడాలంటే నాయకుడైనా అయి ఉండాలి, చచ్చిపోయైనా ఉండాలి. నేను ఈ రెండూ కాకుండానే ఇరవై ఒకటో పుట్టినరోజుకు ఆ గౌరవం సంపాదించాను. ఆ ఫ్లెక్సీయే నన్ను పోలీసులకు పట్టించింది.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. మాది కిరాణా అంగడి. మా ఊరు మంత్రాలయం పోయే దారిలో ఉండడంతో గురువారం వస్తే రోడ్డంతా భక్తులే. నేనూ నా స్నేహితులూ కూడా ప్రతి గురువారం బైకుల మీద మంత్రాలయం పోయేవాళ్లం. దర్శనం అనేది ఇంట్లో చెప్పే మాట. ఎవరు ముందు చేరుతారన్నదే అసలు సంగతి. మేం పోయే వేగానికి మఠందాకా పోకుండానే, నేరుగా స్వామి దగ్గరికి చేరాల్సినవాళ్లం.

నాన్న బైకు కొనిచ్చిన రోజే అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వారం వారం మార్చి కట్టేది. ఇంత బందోబస్తు ఉండగా ఇక బ్రేకులెందుకని నా ధీమా. నంబరు ప్లేటును ఎవరికీ కనబడకుండా లోపలికి వంచాను. ముఖానికి నల్ల కర్చీఫ్ కట్టుకునేవాణ్ణి. దుమ్ముకని చెప్పేవాణ్ణి గానీ, నిజానికి అద్దంలో చూసుకుంటే నాకే కాస్త భయంగా, చాలా ముచ్చటగా ఉండేది.

ఒక గురువారం పొద్దున సర్కిల్లో ఆగి ఉన్న బస్సును ఎడమ పక్కనుంచి దాటబోయాను. అక్కడ నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని చేసి అమ్మే బండి ఉంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంది. బడికి పోయే రోజుల్లో నేను ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నది ఆ తోపుడు బండి దగ్గరే. అది అక్కడ ఉంటుందని నా కడుపుకు తెలుసు, నా బైకుకు తెలియలేదు. గుద్దాను. బొరుగులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. బండి పక్కకు ఒరిగి, దాన్ని నడిపే ఆమె కుడి చెయ్యి చక్రం కింద నలిగింది. ఆమె "నా చెయ్యప్పా, నా చెయ్యి" అని అరిచింది. నేను లేచాను, బైకు లేపుకున్నాను, పారిపోయాను. ఇందులో చమత్కారం ఏమీ లేదు. పారిపోయాను, అంతే.

మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున కూర్చుని జరిగిందంతా చెప్పాను. స్నేహితులు ధైర్యం చెప్పారు. వాళ్ల పద్ధతిలో ధైర్యం అంటే ఫోటో తీయడం. కర్చీఫ్ విప్పించి, బైకు మీద కూర్చోబెట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టి పది ఫోటోలు తీశారు.

సర్కిల్లో కెమెరా ఉంది. అయితే దాని ముందు ఒక నాయకుడి పెళ్లిరోజు ఫ్లెక్సీ అడ్డంగా ఉండడం వల్ల, ఆ కెమెరా ఆర్నెల్లుగా ఆయన వీపును కాపలా కాస్తోంది. నంబరు ఎవరూ చూడలేదు. ఎర్ర చొక్కా, నల్ల కర్చీఫ్, ఇంతే ఆచూకీ. బయటపడ్డాననుకున్నాను.

ఆదివారం నా పుట్టినరోజు. నాకు చెప్పకుండా స్నేహితులు సర్కిల్లోనే ఫ్లెక్సీ కట్టించారు. ఆ నదీతీరపు ఫోటో, దాని మీద "స్పీడే మా వాడి ఇంటిపేరు" అని బంగారు అక్షరాలు. కింద వరసగా గుండ్రాల్లో ఎనిమిది మంది స్నేహితుల ముఖాలు, పోలీసులకు సాక్షుల జాబితా రాసుకునే శ్రమ లేకుండా. నేను పోయి దాని కింద నిలబడి ఇంకో ఫోటో దిగాను. నాకు సిగ్గు లేదా అంటే, ఆ రోజుకు లేదు.

సోమవారం పొద్దున ఆమె పెద్దాసుపత్రి నుంచి చేతికి కట్టుతో ఆటోలో వస్తూ తన చోటు ఎలా ఉందో చూద్దామని సర్కిల్లో తల బయటికి పెట్టింది. ఫ్లెక్సీలో ఎర్ర చొక్కా కనబడింది. పగిలిన హెడ్‌లైటు కనబడింది. బైకు ముందు కమ్మీకి చిక్కుకున్న నీలం పట్ట ముక్క కూడా కనబడింది. అది ఆమె బండికి ఎండ తగలకుండా కట్టుకున్న పట్ట. ఆటోను నేరుగా స్టేషన్‌కు పోనిచ్చింది.

"మీరు వెతుకుతాండేటోడు సర్కిల్లో బైకు మీద కూసోని నవ్వుతాండాడు సార్" అందట.

స్టేషన్ నుంచి ఇంటికి కబురొచ్చింది. ఇలాంటి వాటికి మా చిన్నాయన దగ్గర ఏర్పాటు సిద్ధంగా ఉంది. మా వైపు కుర్రవాడు గుద్దితే, ఇంట్లో పనిచేసే పెద్దమనిషి ఒప్పుకోవడం ఒక మర్యాద. మా అంగట్లో మూటలు దించే ఆయనకు యాభై దాటాయి, తెల్ల మీసాలు. ఆయన్ని వెంటబెట్టుకుని చిన్నాయన స్టేషన్‌కు పోయాడు. వెనక నేను. "నేనే నడిపినాను సార్" అన్నాడాయన, పాపం, బాగా కంఠతా పట్టి.

ఎస్సైగారు మమ్మల్ని సర్కిల్‌కు నడిపించుకుపోయారు. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించి "ఇది నువ్వేనా?" అని అడిగారు.

మూటలు దించే ఆయన చాలాసేపు తల ఎత్తి చూశాడు. "నా చిన్నప్పటి ఫోటో సార్" అన్నాడు.

కానిస్టేబుల్ పక్కకు తిరిగి దగ్గాడు. చిన్నాయన మాత్రం నవ్వలేదు. నేను అప్పుడు "నేనే సార్" అన్నాను. ధైర్యం వచ్చి కాదు, ఇక వేరే దారి లేక.

కేసు రాశారు, లైసెన్సు తీసుకున్నారు. ఆమె రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో తేలిపోతుందని చిన్నాయన ఆమెను స్టేషన్‌కు పిలిపించి, డబ్బుల కవరు తీశాడు.

"దుడ్లు పెట్టుకోప్పా" అందామె. "ఆసుపత్రి కర్సు ఎట్లనూ మీరే పెట్టుకోవల్ల. పొద్దున లేస్తే నా బండి కాడ బొరుగులు పిండేది ఎవురు? నా చెయ్యి బాగయ్యేదాంకా మీ పిల్లోణ్ణి పంపు."

"అంగడి పిల్లోడమ్మా! బజార్లో బండి కాడ నిలబడితే మా మర్యాద ఏం కావల్ల?"

"నా చెయ్యి ఏమాయనో మీ మర్యాదా అదే అయితాది."

చిన్నాయన మెత్తబడి, కనీసం రాజీ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆమె ముఖం మారిపోయింది. ఆమెది కోసిగి వైపు పల్లె. బడికి పోలేదు. మహిళా సంఘంలో చేరాక పలకా బలపం పట్టి సంతకం నేర్చుకుంది. ఇప్పుడు ఆ సంఘానికి ఆమే లీడరు.

"బ్యాంకులో పది మంది ముందర సంతకం పెట్టేదాన్ని. వేలిముద్ర నేను ఎయ్యను. చెయ్యి బాగైనంక సంతకమే పెడతా. అంతదాంకా కాసుకోండి" అంది.

అలా నా కేసు ఆమె వేళ్ల మధ్య ఆగింది. ఆమె కలం పట్టుకున్న రోజు నాకు విడుదల.

మరుసటి రోజే నేను నా ఫ్లెక్సీ కిందే ఉగ్గాని బండి దగ్గర పనికి కుదిరాను. పైన బంగారు అక్షరాల్లో స్పీడు, కింద ఎర్రగడ్డలు తరుగుతూ, ఉల్లి ఘాటుకు ముక్కు చీదుతూ నేను. తినడానికి వచ్చినవాళ్లు మొదట పైకి చూసి, తర్వాత నన్ను చూసి, మళ్లీ పైకి చూసేవాళ్లు. "స్పీడూ, ఇంగో ప్లేటు" అని పిలిచేవాళ్లు. గుండ్రాల్లో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కడూ ఆ సర్కిల్‌ వైపు రాలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుని కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని పాఠం చెప్పేది. నానిన బొరుగులు పిండడం తేలికనుకున్నాను. ఆత్రంగా పిండితే ముద్దయిపోయేది.

"యాడికప్పా అంత తొందర? బొరుగు ఇరగకూడదు, నీళ్లు మాత్రం పోవల్ల. నిదానం."

నిదానం అనే మాట నాతో చాలామంది చెప్పారు. నాన్న, అమ్మ, మాస్టర్లు, రోడ్డు పక్క బోర్డులు. నేను విన్నది ఆమె మాటే, ఎందుకంటే వినకపోతే ఉగ్గాని పాడయ్యేది, పాడైతే ఆమె మొత్తం నాకే తినిపించేది.

వర్షపు జల్లుకు ఫ్లెక్సీ ఒక మూల ఊడింది. ఆమె దాన్ని దించమంది. చింపి పారేస్తుందని సంబరపడ్డాను. తిరగేసి బండి మీద నీడకు కట్టించింది, నేను చింపిన నీలం పట్ట స్థానంలో. అప్పటి నుంచి తల ఎత్తితే చాలు, కళ్లద్దాలు పెట్టుకున్న నా ముఖం నన్నే చూసి నవ్వేది. నాకు వాణ్ణి కొట్టాలనిపించేది.

కట్టు విప్పిన రోజు మా ఇంట్లో పండగే. చిన్నాయన కొత్త కలం కొన్నాడు. కానీ ఆమె వేళ్లు ముడుచుకోలేదు. గరిటె పట్టుకుంటే జారింది. డాక్టరు రోజూ రబ్బరు బంతి పిసకమన్నాడు. బేరం లేనప్పుడు ఆమె పొట్లాలు కట్టే పాత పేపరు మీద సంతకం దిద్దుకునేది. మొదటి అక్షరం కొండెక్కేది, రెండోది పడిపోయేది. నన్ను చూసి పేపరు తిప్పేసి, దాంట్లోనే బజ్జీ చుట్టి ఇచ్చేది. మొదట్లో నేను దేవుణ్ణి మొక్కింది నా కేసు కోసం. ఎప్పుడు మారిందో తెలియదు, తర్వాత తర్వాత ఆ రెండో అక్షరం కోసం మొక్కాను.

లోక్ అదాలత్ రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మమ్మల్ని పిలిచారు. జడ్జిగారు నన్ను నాలుగు మాటలు తిట్టి, నాకు జరిమానా వేసి, రాజీ కాగితం ముందుకు జరిపారు. నేను చకచకా సంతకం పెట్టాను. ఆమె కలం తీసుకుంది. మొదటి అక్షరం సగం వచ్చింది. కలం జారింది. మళ్లీ తీసుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మూడోసారి ప్రయత్నించింది. వెనక జనం విసుక్కుంటున్నారు. "ఇంకో వాయిదా అడుగుదాం" అన్నాను. చిన్నాయన నా మోచెయ్యి గిల్లాడు.

గుమాస్తా విసుగ్గా ఇంకు ప్యాడ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చదువు రాదామ్మా?" అన్నారు జడ్జిగారు, మంచిగానే.

"వచ్చు సార్" అంది ఆమె. ఇంకేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, నన్ను చూపించి ఉంటే ఇంకా బాగుండేది. వేలు చాపింది. గుమాస్తా ఆ వేలు పట్టుకుని ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కాడు.

చిన్నాయన బయటికొచ్చి అందరికీ టీ చెప్పాడు. నా గ్లాసు బెంచీ మీదే పెట్టేశాను. ఆమె నీళ్ల కొళాయి దగ్గర నిలబడి బొటనవేలు రుద్దుతూనే ఉంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"కేసు అయిపాయ గదప్పా, ఇంగేం?" అంది, నా వైపు చూడకుండా.

"రేపు బొరుగులు ఎన్ని గంటలకు నానబెట్టల్ల పెద్దమ్మా?" అన్నాను.

ఆ కాగితం ఇప్పటికీ కోర్టు బీరువాలో ఎక్కడో ఉంటుంది. అందులో నా సంతకం ఉంది, కింద గీత, రెండు చుక్కలతో సహా. దాని పక్కన ఆమె వేలిముద్ర ఉంది.