జ్ఞాపకశక్తి పరీక్షకు బట్టీ పట్టించిన భర్త

మీ ఇంట్లో పెద్దావిడ గంటలో మూడుసార్లు ఒకే మాట అడిగితే డాక్టరుకు చూపిస్తారా, పరువు పోతుందని దాచిపెడతారా?

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బుకు కొత్త మందుపై జరిగిన ట్రయల్‌లో నన్ను రేటరుగా వేశారు. రోగుల జ్ఞాపకశక్తిని పరీక్షించి మార్కులు వేసే సైకాలజిస్టును రేటరంటారు. జబ్బు తొలిదశలో ఉన్నవారినే చేర్చుకోవాలి. ముదిరితే అవకాశం పోయినట్టే.

కంకిపాడు నుంచి రిటైరైన లెక్కల టీచరు ఎస్తేరమ్మ గారు, భర్త దేవదానం గారితో వచ్చారు. పది మాటలు చదివి, కాసేపాగి తిరిగి చెప్పమంటే ఆమె మూడు చెప్పారు. పరీక్షప్పుడు భర్త బయట ఉండాలి. పెద్దాయనను లేవమనడానికి మొహమాటపడ్డాను. తప్పు నాది.

మరో రోజు, రెండో విడతలో నిబంధన ప్రకారం వేరే పది మాటలు చదివాను. ఆమె గడగడా పదీ అప్పజెప్పారు. అన్నీ పాత జాబితావే, అదే వరుసలో.

"ఫెయిలైతే చేర్చుకోరనుకున్నానండీ, ఆ రోజు మీరు చదివిన మాటలు రాసుకుని బస్సులో కూడా చదివించాను" అన్నారు దేవదానం గారు. "మతి పోయిందని చర్చిలో అంటారని భయం."

"సర్వీసంతా కాపీలు పట్టుకున్నానండీ. చివరికి చీటీ అందించింది మా ఆయనే" అన్నారు ఎస్తేరమ్మ గారు.

ఆ మార్కులు చెల్లవు. నా తప్పుతో సహా నివేదిక రాసి మందు కంపెనీకి పంపాం. వాళ్లు కాదంటే ఆమెకు దారి లేదు. కొన్ని వారాలాగి మళ్లీ పరీక్షించమన్నారు.

ముందుగా సమ్మతి పత్రం కొత్తగా తీసుకోవాలి. మొదటిసారి భర్త వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసిన ఆవిడ, ఈసారి ప్రతి పేజీ చదివారు.

"నాకు మందు లేని ఉత్త సెలైన్ పడితే?"

"పడొచ్చండి. పోల్చి చూడటానికి కొందరికి సెలైనే ఎక్కిస్తారు. ఎవరికి ఏది ఎక్కిందో మాకూ చెప్పరు" అన్నారు ట్రయల్ చూసే డాక్టరు గారు.

ఆమె నావైపు తిరిగారు. "మంచిదే. తెలిస్తే మీరు జాలిపడి మార్కులు కలుపుతారు."

ట్రయల్ మొత్తానికి ఆయువుపట్టయిన నియమాన్ని ఇంత సూటిగా చెప్పిన మనిషిని నా సర్వీసులో మరొకరిని చూడలేదు. సంతకం చేసి, భర్తను తానే బయటికి పంపి, కొత్త జాబితాలో నాలుగు మాటలు చెప్పారు. ఎంపికయ్యారు. ఏడాదిన్నర పాటు ఒక్క విడతా తప్పకుండా వచ్చి ట్రయల్ పూర్తిచేశారు. ఆమెకు ఎక్కింది మందో సెలైనో నాకు నేటికీ తెలియదు.

తొలిదశ రోగులు తమ గురించి తాము నిర్ణయించుకోగలరు. రోగం కంటే ముందు ఇంటివాళ్ల సిగ్గే ఆ హక్కును లాక్కుంటుంది. మతిమరుపు కనిపిస్తే ఈ వారమే మీ పెద్దలను పరీక్షకు తీసుకెళ్లండి. కాగితం వారి చేతికిచ్చి, మీరు బయట కూర్చోండి.