వెనక సీటు తెరలు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా మామ ఒక పాత కారు కొన్నాడు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో అదే మొదటి కారు. ముందు సీట్లో ఆయనా, డ్రైవరూ. వెనక మా అత్తా, నేనూ, నా తోడికోడలూ. మా ఇళ్లలో అప్పటికి ఘోషా పోలేదు. అందుకని వెనక కిటికీలకు ముదురు నీలం తెరలు కట్టించాడు. గాలికి ఎగిరి మా ముఖాలు కనబడతాయేమోనని వాటి కింది అంచుల్ని కూడా మేకులు కొట్టి బిగించాడు. ముందు సీటుకూ మాకూ మధ్య ఇంకో తెర.

ఎండాకాలం వచ్చేసరికి ఆ వెనక సీట్లో ఊపిరాడేది కాదు. ఊరు దాటకముందే చీరలు ఒంటికి అతుక్కునేవి. మాకు నేరుగా మామతో మాట్లాడే అలవాటు లేదు. అత్తకు చెప్పాం, అత్త ఆయనకు చెప్పింది. ఆయన కారును ప్రొద్దుటూరులో మెకానిక్కుకు చూపించాడు. మెకానిక్కు ముందు సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చాడట.

"ముందర అద్దం కింద గాలి మూత బాగా తెరుచుకుంటాండాది, చల్లగానే ఉండాది కదప్పా, ఇంగేం కావల్ల?" అన్నాడట.

వెనక కూర్చుని చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

ఒక మధ్యాహ్నం మామ నిద్రపోతుంటే నేనూ తోడికోడలూ కారు పెట్టే కొట్టంలోకి వెళ్లి దాని తలుపు తీశాం. కాళ్ల దగ్గర పరిచిన చాప ఎత్తి చూస్తే, కింది రేకులో అరచేయంత తుప్పు రంధ్రం. దాంట్లోంచి నేల కనబడుతోంది. ఇంజను వేడంతా పొగగొట్టం మీదుగా వచ్చి మా కాళ్లకు తగిలేది అక్కడినుంచే. కొంగు ముఖాన కప్పుకుని డ్రైవరును పిలిచి చూపించాం. అతను కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి దాని మీద బిగించాడు. మరుసటి ప్రయాణంలో కాళ్లు కాలలేదు. కానీ ఉక్క తగ్గలేదు. తగ్గదు కూడా. గాలి వచ్చే దారీ లేదు, పోయే దారీ లేదు. తెరల కింది మేకులు తీయించమని అత్తతో అడిగించాను.

"కారు సంగతి ఆడోళ్లకేం తెలుసు? గమ్మునుండమను" అని జవాబు వచ్చింది.

చైత్రంలో ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి బయలుదేరాం. మగపిల్లలిద్దరూ, అంటే మా భర్తలు, బస్సులో ముందే వెళ్లారు. తోడికోడలికి అప్పుడు ఆరో నెల. కడప దాటాక ఆమె నా భుజం మీద వాలింది.

"అక్కా, కండ్లు తిరుగుతాండాయి" అంది. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు.

అత్త తెర వెనకనుంచి కేక వేసింది. "రోంతసేపే, వచ్చేస్తాండాం" అన్నాడు మామ.

నేను రెండు చేతులతో కిటికీ తెర పట్టుకుని లాగాను. మేకులతో సహా ఊడి వచ్చింది. రెండోవైపుదీ లాగాను. మధ్య తెరను కూడా పీకి ఆయన ఒళ్లోకి విసిరాను. వేడిగాలే అయినా గాలి లోపలికి దూసుకొచ్చింది. డ్రైవరు తనంతట తానే కారు ఆపాడు.

"ఏమ్మా, పిచ్చిగాని పట్టిందా?" అని మామ అరిచాడు.

"ఈమెకేమన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు మామా? ఈడొచ్చి కూర్చోండి ఒకసారి!"

అది నేను ఆయనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట. చెట్టు నీడన తోడికోడలిని పడుకోబెట్టి, ముఖాన నీళ్లు చల్లి, కొంగుతో విసిరాం. కాసేపటికి కళ్లు తెరిచి నీళ్లడిగింది. అప్పుడు ఏడ్చాను, భయంతో కాదు, కోపంతో.

పండుగనుంచి వచ్చిన వారానికే ఆయన కొత్త తెరలు కుట్టించాడు. ఇంకా మందమైన గుడ్డతో. మళ్లీ మేకులే. ఆ కారు ఎక్కేది లేదని నేనూ తోడికోడలూ తెగేసి చెప్పాం. పుట్టింటికి పోవాల్సి వస్తే బస్సులో పోతామన్నాం. బస్సులో, నలుగురి మధ్య, తన కోడళ్లు! ఆ మాటకు ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు డ్రైవరు చేత మేకులు పీకించాడు, మధ్య తెర తీయించాడు. కిటికీ తెరలు పై అంచున మాత్రమే బిగించి ఉండేవి. ఊరు దాటగానే మేము వాటిని పక్కకు తోసేవాళ్లం.

తోడికోడలికి ఆడపిల్ల క్షేమంగా పుట్టింది. చూడటానికి వచ్చిన చుట్టాలకు మామ కారు చూపించేవాడు.

"ఎంత ఎండలో పోయినా ఆడోళ్లకు శానా హాయిగా ఉండేట్ల నేనే చేయించినా" అని చెప్పేవాడు.

నేను లోపల మజ్జిగ కలుపుతూ ఆ మాట వినేదాన్ని. గ్లాసులు కావాలనే ఆయన ముందు ఠక్కున పెట్టేదాన్ని.