ఒడ్డునే చెప్పాల్సిన మాట

దీవుల్లోని డాలీగంజ్ పేటలో ఝాన్సీలక్ష్మి కోపం తెలియనివాళ్లు లేరు. ఆమె వస్తుంటే కూరగాయల బండి అతను పుచ్చు వంకాయలు తనంతట తానే పక్కకు తీసేస్తాడు. తల్లి పోయేనాటికి తమ్ముడు మధుబాబు ఇంకా బడిలో చేరలేదు. తండ్రి దీవుల మధ్య తిరిగే ఓడ మీద పనిచేస్తూ వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. అప్పట్లో వాళ్లుండే హోప్ టౌన్ ఒడ్డున తమ్ముణ్ణి పెంచింది ఆమే. చెప్పకుండా నీళ్లలోకి దిగినందుకు వీపు మీద రెండు వేసి, ఆ చేత్తోనే ఈత నేర్పింది.

పెద్దయ్యాక ఇద్దరూ ఒకే పడవ మీద పనికి కుదిరారు. యాత్రికులు అద్దెకు తీసుకుని కొద్దిరోజులు దీవుల చుట్టూ తిరిగే తెల్లటి తెరచాప యాట్ అది. యజమాని చెన్నైలో ఉంటాడు. మధుబాబు కెప్టెన్. ఝాన్సీలక్ష్మి వంట చేసేది, తాళ్లు లాగేది, బయల్దేరే ముందు వచ్చినవాళ్లకు జాగ్రత్తలు చెప్పేది.

ఆ జనవరిలో విశాఖపట్నం నుంచి మణికుమార్, హరిత అనే కొత్త దంపతులు వచ్చారు. ఝాన్సీలక్ష్మి వాళ్లను డెక్ మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"ఈ లైఫ్ జాకెట్ ఏసుకుని బెల్టు బిగించి చూడండమ్మా. వదులుగా ఉంటే నీళ్లల్లో తల మీంచి జారిపోద్ది. వాంతుల మాత్ర ఇప్పుడే మింగండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక ఏసుకుంటే నిలవదు. నడిచేటప్పుడు ఒక చెయ్యి పడవని పట్టుకునే ఉండాలి. తెరచాప కింద ఆ పొడుగు కర్ర చూశారా, దాన్ని బూమ్ అంటాం. గాలి వెనకనించి కొట్టేటప్పుడు ఒక్కసారిగా ఇటునించి అటు తిరిగిపోద్ది. దాని దారిలో తల పెట్టకండి. ఇంక ఎవరన్నా నీళ్లల్లో పడితే..."

"బస్ అక్కా," అన్నాడు మధుబాబు నవ్వుతూ. "హనీమూన్‌కి వచ్చినోళ్లకి పడిపోడం గురించి ఏటి? భయపడిపోతారు. ఛోడో."

వాళ్లిద్దరూ మొహమాటంగా నవ్వారు. మధుబాబు ఒడ్డుకు కట్టిన తాడు విప్పేశాడు. ఝాన్సీలక్ష్మి మిగతా మాట మింగి కిందికి వెళ్లి, ఉల్లిపాయల మీద కోపం తీర్చుకుంది. నలుగురిలో కెప్టెన్ పరువు తీయకూడదని ఆగిందే తప్ప, చెప్పాల్సింది అయిపోయి కాదు.

నీల్ దీవి దాకా ప్రయాణం హాయిగానే సాగింది. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి వీస్తోంది. బూమ్ కదలకుండా పక్కకు తాడు వేసి కట్టమని ఆమె పొద్దుటే చెప్పింది. "ఇంత చిన్న గాలికా?" అన్నాడు తమ్ముడు. మధ్యాహ్నం ఆమె కింద అన్నం వారుస్తుండగా, మధుబాబు చుక్కాని చక్రాన్ని మణికుమార్ చేతికిచ్చాడు.

"ఇలాగే పట్టుకోండి సార్, అంతే. మీ ఇద్దరికీ ఫొటో తీస్తాను."

జాకెట్ లేకుండా, ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి గాల్లో పెట్టుకుని ముందుకు నడిచాడు. అల ఒకటి పడవ వెనక భాగాన్ని పక్కకు తోసింది. బూమ్ తిరిగింది.

దెబ్బ చప్పుడు వంటగదిలోకి వినిపించింది. ఝాన్సీలక్ష్మి పైకి వచ్చేసరికి హరిత జాకెట్ల పెట్టె వెతుకుతోంది, మణికుమార్ చక్రం వదిలేసి తాడు కోసం వెతుకుతున్నాడు. పడవ దానంతటదే గాలికి ఎదురు తిరిగి, తెరచాప పటపట కొట్టుకుంటోంది. సముద్రం వైపు ఎవరూ చూడటం లేదు.

"ఎక్కడ? ఎటేపు పడ్డాడు?"

హరిత అటూ ఇటూ చూసింది. చుట్టూ నీలం అలలు, వాటి మీద తెల్లని నురగ. మనిషి తల ఎక్కడా లేదు.

మనిషి పడితే ఒకరు వేలు అతని వైపే చూపిస్తూ నిలబడాలి, రెప్ప తిప్పకూడదు. ఆ రోజు ఒడ్డున ఆగిపోయిన మాట ఇదే. ఆపినవాడే ఇప్పుడు నీళ్లలో ఉన్నాడు. ఝాన్సీలక్ష్మికి ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

గాలి రింగు విసిరింది, సీట్ల మెత్తలు విసిరింది. రేడియోలో సాయం కోరింది. తెరచాప దించి, తాళ్లేవీ నీళ్లలో వేలాడటం లేదని చూసుకున్నాకే ఇంజిన్ వేసింది. హరితను ఎత్తు మీద నిలబెట్టి, "నల్లగా ఏది కనపడినా వేలు చూపించు, చూపు తిప్పకు," అంది. వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి పోనిచ్చింది.

వేలు చూపించింది హరితే. అతను ఒక మెత్తను కావలించుకుని ఉన్నాడు, మొహం నిండా నెత్తురు. నిచ్చెన ఎక్కే సత్తువ లేదు. చంకల కింద తాడు వేసి, మణికుమార్ తాడు చుట్టే విన్చ్ తిప్పుతుంటే పైకి లాగారు. అరచేతులు బొబ్బలెక్కినా ఆ కుర్రాడు ఆగలేదు.

తల మీద కుట్లు పడ్డాయి, కాలర్ ఎముక విరిగింది. ఆస్పత్రిలో మధుబాబు అక్క చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"అక్కా, ఓనర్ ఫోన్ చేస్తాడు. చక్రం సార్ తిప్పేశారని చెప్పు. అబద్ధం కాదు కదా, ఆయన చేతిలోనే ఉంది."

ఆమె చెయ్యి లాక్కుంది.

"నిన్ను పైకి లాగినోడి నెత్తిన పెడతావా? చక్రం ఎవడిచ్చాడ్రా? తాడు ఎవడు కట్టలేదు? నా నోరు ఎవడు మూశాడు?"

"నేను నీ తమ్ముణ్ణే."

"అందుకే ఇంకా కొట్టలేదు."

ఫోను అక్కడే మోగింది. అతను చూస్తుండగానే జరిగింది జరిగినట్టు చెప్పింది, తను మాట మింగిన సంగతితో సహా. మధుబాబు మొహం గోడకు తిప్పేశాడు. ఆ సీజనంతా యజమాని అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. అక్క ఇంటికి పంపిన చేపల పులుసు మధుబాబు ముట్టకుండా తిప్పి పంపాడు. మర్నాడు మళ్లీ పంపింది.

కొత్త కెప్టెన్ జోగులు కూడా, ఆమె జాగ్రత్తలు చెబుతుంటే వాచీ చూసుకుంటాడు. "దీదీ, గాలి పడిపోతాది," అంటాడు.

"పడిపోనీ. ఇది అయిందాకా తాడు విప్పను," అంటుంది ఆమె.

వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం మధుబాబు తనే వచ్చాడు. భుజం ఇంకా సరిగా లేవడం లేదు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా కోపమేనా అక్కా?"

"ఆఁ."

"ఎన్నాళ్లు?"

"నువ్వు బతికున్నన్నాళ్లూ," అంది, కంచం పెడుతూ. "కూర్చుని తిను."